నా అరచేతిలో కొబ్బరికాయ లేచిన రోజు

నవ్వించడం నా పని. పెళ్ళిచూపుల రోజు ఈ మాట చెబితే, కాబోయే అత్తగారు శ్రద్ధగా విని, "మంచిదే బిడ్డా, మరి నౌకరి ఏంది?" అని అడిగింది. అదే నౌకరి అన్నాను. ఆమె కొంగు అడ్డం పెట్టుకుని చాలాసేపు నవ్వింది. నేను జోకు వేశాననుకుంది. ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి నవ్వు అది. చేజేతులా పోగొట్టుకోవడం ఎందుకని నేనూ సరిదిద్దలేదు. ఎదురుగా కూర్చున్న పెళ్ళికూతురు మాత్రం నవ్వలేదు. నన్నే పరీక్షగా చూస్తూ, "జనం నవ్వకపోతే ఏం చేస్తరు?" అని అడిగింది. ఆమె ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతుంది. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే మా సంసారం ఇంతదూరం వచ్చింది.

మట్టెవాడలో మాకు బెల్లం, చింతపండు అమ్మే దుకాణం ఉంది. మేడారం జాతర దగ్గరపడితే చింతపండు వెనక్కి పోయి దుకాణం నిండా బెల్లమే ఉంటుంది. అమ్మవార్లకు మొక్కు చెల్లించేవాళ్ళు దాన్ని బెల్లం అనరు, బంగారం అంటారు. మా నాన్న కూడా "బంగారం కావాల్నా అమ్మా?" అనే అడుగుతాడు. కాని లారీలోంచి దించిన ప్రతి దిమ్మె అంచు కొంచెం గిల్లి, వాసన చూసి, నాలుక మీద వేసుకుంటే తప్ప లోపల పెట్టనివ్వడు. "ఎన్నేండ్ల సంది ఇస్తాన సేటూ, ఇంక గీ పరీక్షలేంది?" అని తెచ్చినతను నొచ్చుకుంటాడు. నాన్న చప్పరిస్తూనే, "అనుమానం నీ మీద కాదు, బెల్లం మీద," అంటాడు. అనుమానించడమంటే అవమానించడం కాదని నేను నేర్చుకున్నది ఆ గుమ్మంలోనే. చాలామందికి ఈ రెంటికీ తేడా తెలియకపోవడం వల్లే నాకు స్టేజీ మీద కావలసినంత సరుకు దొరుకుతోంది.

బేరమాడేవాళ్ళ గొంతులు అనుకరిస్తూ ఆ దుకాణంలోనే నా వృత్తి మొదలైంది. తర్వాత కాలేజీ వేదికలు, పెళ్ళి రిసెప్షన్లు, ఆర్కెస్ట్రాల్లో రెండు పాటల మధ్య ఖాళీలు. ఇప్పుడు చిన్న చిన్న హాళ్ళలో టికెట్టు పెట్టి చేసే కామెడీ షోలు. ఇంట్లో అద్దం ముందు పేలిన జోకు హన్మకొండలో తుస్సుమంటుంది. హన్మకొండలో తుస్సుమన్నది కాజీపేటలో కుర్చీలు విరగ్గొడుతుంది. ఎందుకో తెలియదు. ఆ తెలియకపోవడం దగ్గరే నా భార్యకు నా పని మీద ఇష్టం పుట్టింది. "మా ల్యాబ్‌ల పిల్లలు రీడింగ్ ముందే తెలుసుకొని ప్రయోగం చేస్తరు. నీకు ఆ చాన్స్ లేదు. నీ రీడింగ్ మొకం మీదనే వడ్తది," అంది ఒకసారి. అది మెచ్చుకోలేనా అని నాకు ఇప్పటికీ సందేహమే.

నాకు ఒక ఆకుపచ్చ చొక్కా ఉండేది. మొదటిసారి హాలు హాలంతా పడీపడీ నవ్విన రోజు అదే వేసుకున్నాను. ఆ తర్వాత ప్రతి షోకూ అదే. కాలరు దగ్గర రంగు వెలిసినా వదల్లేదు.

"ఒక్కసారి అది లేకుండ చేసి చూడు," అంది భార్య.

"షో పోతే?"

"పోతే తెలుస్తది."

"నాకు తెలుసుకోవాలని లేదు."

"చొక్కా మీద గంత నమ్మకమున్నోనివి ఇంక జోకులు రాసుడెందుకు? చొక్కానే స్టేజీ మీదికి పంపు," అని, ఒక షో రోజు పొద్దున్నే దాన్ని సబ్బు నీళ్ళలో నానబెట్టేసింది. తెల్ల చొక్కాతో వెళ్ళాను. జనం నవ్వారు. ఇంటికొచ్చి, "నవ్విండ్రు గని, జర తక్కువ నవ్విండ్రు," అన్నాను.

"దేంతోటి కొలిచినవ్?" అంది.

ఆ చొక్కా ఇప్పుడు మా స్కూటరు తుడవడానికి పనికొస్తోంది.

ఇంట్లో ఇలా ఓడిపోతూ ఉన్నా, స్టేజీ ఎక్కితే నేను పెద్ద హేతువాదిని. ఇతరుల నమ్మకాల మీద జోకులు వేయడం చాలా తేలిక. అవి దూరంనుంచి చూస్తే ఎలాగూ వంకరగానే కనిపిస్తాయి. రెండేళ్ళ కిందటి ఎండాకాలం, బోరుకు చోటు చూపించే కొబ్బరికాయవాళ్ళ మీద ఒక ముక్క తయారుచేశాను. మా దిక్కు పల్లెల్లో బోరు వేయాలంటే ముందు ఒక మనిషిని పిలుస్తారు. అతను అరచేతిలో కొబ్బరికాయను అడ్డంగా పడుకోబెట్టుకుని చేనంతా నడుస్తాడు. కింద నీళ్ళున్న చోట కొబ్బరికాయ తనంతట తాను లేచి నిలబడుతుంది. అక్కడ రాయి పెడతారు. మర్నాడు బోరు బండి వస్తుంది.

నేను స్టేజీ మీద చెప్పింది ఇదీ: "నీళ్ళున్నయని కొబ్బరికాయకెట్ల తెలుసు? తెలుసు. దాని లోపట గూడ నీళ్ళే గద, చుట్టాలను గుర్తుపట్టదా? మరి ఆ లెక్కన పెరుగు ప్యాకెట్ చేతుల పట్టుకొని నడిస్తే బర్రె దొరకాలె." ముందు కొబ్బరికాయను గుప్పిట్లో పట్టుకుని నాలుగడుగులు వేసి, తర్వాత పెరుగు ప్యాకెట్ పట్టుకుని స్టేజీ అంతా తిరుగుతూ బర్రెను వెతికేవాణ్ణి. జనం ఊగిపోయేవారు. ఎవరో ఫోన్లో తీశారు. అది నాకంటే వేగంగా ఊళ్ళు తిరిగింది.

తిరిగి తిరిగి నర్సంపేట దగ్గర మా మేనమామ ఊరు చేరింది. మామ వరి, పత్తి వేసే రైతు. మా అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. ఒకరోజు ఫోన్ చేశాడు.

"అల్లుడా, నీ వీడియో చూసిన."

"ఎట్లుంది మామా?"

"ఎట్లుండుడేంది! ఊరంత నవ్వుతాండ్రు. నాకైతే పొట్ట నొచ్చింది. గీ ఐతారం రారాదు, మన చెలకల బోరు పాయింటు వెట్టిస్తాన."

"ఎవరితోటి?"

"కొబ్బరికాయాయన తోటి."

"మామా, వీడియో మొత్తం చూసినవా?"

"మొత్తం చూసిన. ఆ బర్రె కాడ మస్తు నవ్వొచ్చింది. నవ్వుడు నవ్వుడే అల్లుడా, బోరు బోరే."

నా వృత్తి మీద ఇంతకన్నా ఖచ్చితమైన విమర్శ ఇంకెవరూ చేయలేదు. ఊళ్ళో వంద మంది నవ్వినా ఒక్కరి మనసులో ఒక్క వెంట్రుకవాసి మార్పు రాలేదు. నా భార్యకు ఈ సంగతి చెబితే కళ్ళు మెరిశాయి. "నేను గూడ వస్త," అంది.

ఆదివారం పొద్దున్నే వెళ్ళాం. పత్తి కట్టె పీకేసిన చెలక, ఎర్రగా, ఖాళీగా ఉంది. పాత బోరు ఎండిపోయి, దాని మూతి మీద మామ బోర్లించిన బొచ్చె ఉంది. చుట్టుపక్కల చేలవాళ్ళు కొందరు వచ్చి గట్టు మీద కూర్చున్నారు. పాయింటు పెట్టడం చూడటానికా, నన్ను చూడటానికా అన్నది చెప్పడం కష్టం.

కొబ్బరికాయాయన స్కూటర్ మీద వచ్చాడు. యాభై దాటిన మనిషి. ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా, జేబులో దువ్వెన. డిక్కీలోంచి తువ్వాలలో చుట్టిన కొబ్బరికాయను పసిపిల్లను ఎత్తుకున్నట్టు బయటికి తీశాడు. నన్ను చూసి ఆగాడు. గొడవ తప్పదనుకుని నాలుగు జవాబులు సిద్ధం చేసుకున్నాను.

"నువ్వే గద తమ్మీ, పెరుగు ప్యాకెట్టాయన?" అన్నాడు.

"నేనే అన్నా."

అతను పెద్దగా నవ్వేశాడు. "నెల రోజుల సంది మా ఇంటామె పొద్దున్నే పెరుగు ప్యాకెట్ చేతికిచ్చి, పో, బర్రెను దేవులాడుకరా అంటాంది. నా ఇజ్జత్ మొత్తం తీసినవ్ పో." ఆ తర్వాత కొంచెం దగ్గరికి వచ్చి, "ఒక్కటి మాత్రం తప్పు చేసినవ్. కొబ్బరికాయను గట్ల గుప్పిట్ల పట్టరు. అరచెయ్యి సాపుగ ఉండాలె. పిలక ముంగటికుండాలె," అని పట్టి చూపించాడు.

నా నాలుగు జవాబులూ వృథా అయిపోయాయి. మోసగాడితో పోట్లాడదామని వెళితే, నా జోకుకు నాకంటే మంచి కొసమెరుపు ఇచ్చిన మనిషి ఎదురయ్యాడు.

అతను చెప్పులు విడిచి నడవడం మొదలుపెట్టాడు. చెలక మధ్యకు రాగానే కొబ్బరికాయ వణికింది. మెల్లగా తల ఎత్తి అరచేతిలో నిటారుగా నిలబడింది. మామ పరుగున పోయి అక్కడ ఒక రాయి పెట్టాడు.

"అందరికి రాదా అన్నా ఇది?" అని అడిగాను.

"రాదు. రక్తంల ఉండాలె. నీ బ్లడ్ గ్రూపేంది?"

"ఓ పాజిటివ్."

"అయితే నీకు వస్తది. మాదంత ఓ పాజిటివే."

నా భార్య కలగజేసుకుంది. "ఓ పాజిటివ్ మన దేశంల బోలెడు మందికి ఉంటది కదన్నా?"

"అందుకే గద మేడం, మన దేశంల గిన్ని బోర్లు," అన్నాడతను.

గట్టు మీదివాళ్ళంతా నవ్వారు. నాకు అసూయ కలిగింది. నేను ఆ మాట రాయాలంటే వారం పట్టేది.

కొబ్బరికాయను నా చేతిలో పెట్టారు. దాని బరువుకు అరచేయి కొంచెం కిందికి వాలింది. నడిచాను. ఏమీ కాలేదు. ఇదీ సంగతి అన్నట్టు గట్టువైపు చూసి ముఖం పెట్టాను. రెండు నవ్వులు వచ్చాయి. ఇంకొంచెం నడిచాను. మామ పెట్టిన రాయి దగ్గరపడింది. అప్పుడు కొబ్బరికాయ కదిలింది. మొదట గాలేమో అనుకున్నాను. గాలి లేదు. చేతిని బిగబట్టాను. ఎంత బిగబడితే అంత కదిలింది. నేను చూస్తుండగానే లేచి, పిలక ఆకాశానికి పెట్టి, నా అరచేతిలో నిలబడింది.

ఆ క్షణంలో నేను హేతువాదినీ కాదు, హాస్యగాణ్ణీ కాదు. చేతిలో కొబ్బరికాయ లేచిన ఓ పాజిటివ్ మనిషిని మాత్రమే. గట్టు మీద జనం పడీపడీ నవ్వుతున్నారు. ఒకాయన నవ్వలేక కండువా నోట్లో కుక్కుకున్నాడు. నా జీవితంలో నేను ఒక్క మాట కూడా అనకుండా పుట్టించిన అతి పెద్ద నవ్వు అది.

"అల్లుడా, ఇంక స్టేజీ మీద ఏం చెప్తవో చెప్పు!" అని మామ అరిచాడు.

నా భార్య నవ్వడం లేదు. దగ్గరికి వచ్చి చిన్న గొంతుతో అడిగింది. "నువ్వు లేపినవా?"

"లేదు."

"నన్ను చూసి చెప్పు. జనాన్ని నవ్విద్దామని చెయ్యి తిప్పినవా?"

"ఒట్టు. నేనేం చెయ్యలే. అదే లేచింది."

ఆమె ముఖం వెలిగిపోయింది. నాకు లాటరీ తగిలినా అంత సంతోషపడదు. "అబద్ధమైతే దాంట్ల ఏం లేకుండె. నువ్వు నిజం చెప్తున్నవంటే మాత్రం మజా ఉంది," అని మామవైపు తిరిగింది. నా మామ ఆమెకు తండ్రి వరస. "బాపూ, జర నీ రుమాలు ఇస్తవా?"

మామ తలకు చుట్టుకున్న రుమాలు ఇచ్చాడు. దాంతో నా కళ్ళకు గట్టిగా గంతలు కట్టింది. భుజాలు పట్టుకుని బొంగరంలా తిప్పింది. తర్వాత కొబ్బరికాయ చేతిలో పెట్టి, "నడువు," అంది.

చీకట్లో నడిచాను. కొబ్బరికాయ లేచింది. మామ రాయి పెట్టాడు. మళ్ళీ నడిచాను, మళ్ళీ లేచింది. మళ్ళీ రాయి. ఒకచోట లేచినప్పుడు గట్టువైపు నుంచి గోల వినిపించింది. గంతలు కొద్దిగా జరిపి చూస్తే, చెలక అంచున కట్టేసిన మా మామ బర్రె మూతి నా మోచేతికి ఆనుకుని ఉంది. "పెరుగు ప్యాకెట్ లేకుండనే బర్రె దొరికింది తమ్మీ!" అని కొబ్బరికాయాయన అరిచాడు. మొత్తానికి గంతలు విప్పి చూసేసరికి చెలకంతా రాళ్ళు. అవి ఒకదానికొకటి ఏ సంబంధమూ లేకుండా పడి ఉన్నాయి. మొదటి రాయి దగ్గర ఒక్కటీ లేదు.

"నువ్వు అబద్ధమాడలే," అంది నా భార్య. "నీ చెయ్యే అబద్ధమాడింది. రాయి కాడికి వస్తే లేస్తదని నీ మనసు ఎదురుచూసింది. వేళ్ళు నీకు చెప్పకుండనే సాయం జేసినయి. జర వంగితే చాలు, గుండ్రటిది గద, దొర్లి నిలవడ్తది."

నాకు అది నచ్చలేదు. నా చేయి నాకు చెప్పకుండా పనులు చేస్తుందంటే ఒప్పుకోవడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. అంతవరకు నా జోకుల్లో రెండు రకాల మనుషులే ఉండేవారు. మోసం చేసేవాళ్ళు, మోసపోయేవాళ్ళు. ఎవరూ ఎవరినీ మోసం చేయకుండా కూడా ఇదంతా జరగవచ్చన్నది నాకు తట్టనే లేదు.

కొబ్బరికాయాయన రాళ్ళనే చూస్తున్నాడు. "నాకు గూడ కట్టు మేడం," అన్నాడు.

"వద్దన్నా, ఇది మిమ్మల్ని పరీక్ష చేసుడు కాదు," అని ఆమె అంటున్నా వినలేదు.

"కట్టు మేడం. నేను గూడ చూసుకుంట."

కట్టింది. అతను నడిచాడు. అతని చేతిలోనూ కొబ్బరికాయ లేచింది, చక్కగా, నా చేతిలోకంటే అందంగా. కాని మొదట తను చూపిన చోట కాదు. మళ్ళీ నడిచాడు. మళ్ళీ ఇంకెక్కడో. గంతలు విప్పుకుని, తను మొదట చూపిన రాయి దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. ఈసారి గట్టు మీద ఎవరూ నవ్వలేదు. నా నోట్లోకి రెండు మూడు మాటలు వచ్చాయి. మింగేశాను. ఎదుటి మనిషి కాళ్ళ కింద నేల కదులుతున్నప్పుడు పక్కన నిలబడి జోకు వేయడం ఏ స్టేజీ మీదా నేర్పరు, వద్దని కూడా చెప్పరు.

చివరికి అతనే అన్నాడు. "మరి నేను చూపిన కాడ నీళ్ళు వడ్డయి గద మేడం? ఎంతమంది ఫోన్లు జేసి చెప్పిండ్రు!"

"పడ్డయి అన్నా. నేను కాదనను. పడనియి ఎన్ని?"

అతను ఆలోచించాడు. "పడనోళ్ళు నాకు ఫోన్ ఎందుకు చేస్తరు?" అన్నాడు. అనేసి ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. నా భార్య అనవలసింది అతనే అనేశాడు.

నాకు మాత్రం ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. షో అయిపోగానే నా దగ్గరికి వచ్చి చేయి కలిపి, సెల్ఫీ దిగి, "ఇరగదీసినవన్నా" అనేవాళ్ళంతా నవ్వినవాళ్ళే. నవ్వనివాళ్ళు నాతో ఏమీ చెప్పరు. బండి స్టార్ట్ చేసుకుని ఇంటికి పోతారు. ఆ లెక్కన నేను కూడా ఇన్నేళ్ళుగా నీళ్ళు పడ్డవాళ్ళ ఫోన్లే ఎత్తుతున్నాను.

మధ్యాహ్నం మామ ఇంట్లో అందరం కూర్చుని నాటుకోడి కూరతో తిన్నాం. కొబ్బరికాయాయనను కూడా మామ పోనివ్వలేదు. కాని మామ ముఖం మాత్రం వాడిపోయి ఉంది.

"మనసంత ఖరాబ్ జేసినవ్ బిడ్డా," అన్నాడు నా భార్యతో. "పొద్దుగాల నాకు నీళ్ళు యాడున్నయో తెలుసు. ఇప్పుడు తెల్వదు."

"పొద్దుగాల గూడ తెల్వదు బాపూ. తెలుసనుకున్నవ్."

"అనుకున్నా గని, నిమ్మళంగ ఉండె గద!"

మామ చెప్పింది నిజమే. అనుమానం మంచిదని క్లాసులో చెప్పడం వేరు, ఎండిన చెలక ఉన్న మనిషి పళ్ళెం ముందు కూర్చుని చెప్పడం వేరు. నా భార్య మామ పళ్ళెంలో ఇంకొంచెం కూర వేసింది. తర్వాత ఆమె, "భూగర్భ జలాల సారొకాయన ఉన్నడు, మిషన్ తెచ్చి చూస్తడు. పిలుద్దామా?" అంది.

"పిలువు," అన్నాడు మామ నీరసంగా. "ఉన్న నమ్మకం పోయింది, ఇంకొకటన్న తెచ్చిపెట్టు."

వారం తర్వాత ఆ సారు వచ్చాడు. నేలలో ఇనుప రాడ్లు దిగ్గొట్టి, చెలకంతా వైర్లు పరిచి, లోపలికి కరెంటు పంపి, మిషన్‌లో రీడింగులు చూశాడు. చాలాసేపు లెక్కలు వేసుకుని, పల్లంవైపు ఒక మూల చూపించి, "ఇక్కడ ఉండొచ్చు," అన్నాడు.

"ఉండొచ్చా, ఉన్నయా?" అన్నాడు మామ.

"ఉండే అవకాశం ఎక్కువ. కింద పగుళ్ళ రాయి ఉన్నట్టు కనపడుతోంది. నీళ్ళు ఉండొచ్చు."

"సారూ, గంత పెద్ద మిషన్ వెట్టి గూడ ఉండొచ్చు అంటవేంది? ఆయన ఒక్క కొబ్బరికాయ తోటి పక్కా అన్నడు!"

"నేను పక్కా అనలేనండి."

అతను వెళ్ళాక మామ నన్ను పక్కకు పిలిచాడు. "అల్లుడా, గీ 'ఉండొచ్చు' సారు మీద నాకు నమ్మకం కుదుర్తలేదు. తెలిసినోడు గట్ల మాట్లాడుతడా?" నేను నా భార్య దగ్గర విన్న ముక్కలన్నీ పోగేసి, తెలిసినవాడే అలా మాట్లాడతాడని నచ్చజెప్పబోయాను. మామ విని, "నువ్వు గూడ జోకులు మానేసి గిట్ల తయారైనవా," అని నిట్టూర్చాడు.

అయినా సారు చూపిన చోటే బోరు వేయించాడు. పంతులు చెప్పిన గడియలో, పసుపు కుంకుమ చల్లి, కొబ్బరికాయ కొట్టి మరీ వేయించాడు. ఎవరినీ నొప్పించడం మామకు ఇష్టం ఉండదు, దేవుళ్ళనూ, సైన్సునూ కూడా. బోరు బండి పొద్దున మొదలుపెట్టింది. మొదట తెల్లటి దుమ్ము లేచి అందరినీ కప్పేసింది. ఎంతసేపటికీ దుమ్మే. మామ తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని నా భార్యను చూస్తున్నాడు. ఆమె నేలను చూస్తోంది. ఆమెకు అంత భయం వేయడం నేను ఎప్పుడూ చూడలేదు. మధ్యాహ్నానికి దుమ్ము ముద్దముద్దగా రావడం మొదలైంది. తర్వాత బురద, ఆ తర్వాత నీళ్ళు. ఎగిసిపడే నీళ్ళేం కాదు, కాని ఆగకుండా వచ్చాయి. మామ ఆ బురదలోనే నిలబడి, తెల్లటి దుమ్ము ముఖంతో, నీళ్ళు దోసిలిపట్టి అందరి మీదా చల్లాడు.

"నీ సైన్సు గెలిచింది పో," అన్నాను నా భార్యతో.

"ఒక్క బోరుతోటి గెలుసుడేంది?" అంది ముఖం తుడుచుకుంటూ. "పడకపోతే సైన్సు ఓడినట్టా? అట్లంటే ఆ కొబ్బరికాయకూ మనకూ తేడా ఏముంది?" ఇంత చెప్పి, వెంటనే, "అయినా అమ్మయ్య," అంది.

మామ సారుకు ఫోన్ చేశాడు. "సారూ, ఉండొచ్చంటివి గద, ఉన్నయి! మంచిగ వస్తానయి!"

"సంతోషమండి," అన్నాడు సారు. "వచ్చే ఎండాకాలం దాకా ఉండొచ్చు."

మామ ఫోన్ పెట్టేసి, మాకెవరికీ అర్థం కాని చూపు ఒకటి చూశాడు. ఊళ్ళో మాత్రం నీళ్ళు పడింది ఆ రోజు కొట్టిన కొబ్బరికాయ మహిమ వల్లేనని చెబుతున్నాడట.

తర్వాత నా ముక్కను తిరగరాశాను. ఇప్పుడు అందులో నవ్వులపాలయ్యేది నేనే. చేతిలో కొబ్బరికాయ లేవడం, ముఖంలో రంగులు మారడం, బర్రె మూతి. స్టేజీ ఎక్కే ముందు కొబ్బరికాయాయనకు ఫోన్ చేసి మొత్తం వినిపించాను. అతని మాటలు వాడుకుంటున్నాను కాబట్టి అడగడం మర్యాద. అతను విని, "బ్లడ్ గ్రూపు కాడ జర ఆగి చెప్పు తమ్మీ. ఉరుకుతానవ్," అని సలహా ఇచ్చాడు. ఆగి చెప్పాను. ఆ ఆగడం వల్లే హాలు పేలింది. ఆ 'వల్లే' అనడానికి ఆధారం ఏమిటని నా భార్య అడుగుతుందని తెలుసు కాబట్టి, ఆగి ఒకసారి, ఆగకుండా ఒకసారి కూడా చెప్పి చూశాను. అతను చెప్పిందే ఇప్పటికి నిలబడింది.

హన్మకొండ షోకు కొబ్బరికాయాయన తన భార్యతో కలిసి వచ్చాడు. మొదటి వరసలో కూర్చుని, తన గురించి వచ్చినప్పుడల్లా పక్కవాళ్ళకు "అది నేనే, అది నేనే" అని చెప్పుకున్నాడు. షో అయ్యాక బయట చాయ్ బండి దగ్గర నిలబడ్డాం.

"ఇంక పాయింట్లు వెడ్తున్నవా అన్నా?" అని అడిగాను.

"పిలిస్తే పోతాన. ఏం అబద్ధం జెప్పాలె. కని ఇదివరకు లెక్క పక్కా అంటలేను. ఉండొచ్చు అంటాన."

"మరి గిరాకీ?"

"తగ్గింది," అని నవ్వాడు. నాకు నవ్వాలో లేదో తెలియలేదు. అతనే మళ్ళీ, "ఇంకో పని గూడ పెట్టుకున్న. పాత చెలకలకు పోయి, నీళ్ళు వడ్డయా లేదా అని అడుగుతాన. కొందరు చాయ్ పోసిండ్రు. ఒకాయన కట్టె తీసిండు," అన్నాడు.

"ఏం తేలింది అన్నా?" అంది నా భార్య ఆత్రంగా.

"ఇంక తిరుగుతాన మేడం. సగంల జెప్తే నువ్వే వద్దంటవ్," అని అతను చాయ్ ఊదుకున్నాడు.

చెలకలో విన్న ఆ 'పడనోళ్ళు ఫోన్ ఎందుకు చేస్తరు' మాట తర్వాత నాకు కూడా ఒక అలవాటు పట్టుకుంది. షో జరుగుతుండగా నవ్వనివాళ్ళను గుర్తుపెట్టుకుంటాను. ఆ సాయంత్రం మూడో వరసలో ఒకతను మొదటినుంచి చివరిదాకా పెదవి కదపలేదు. రాతిబొమ్మలా కూర్చున్నాడు. అతను కూడా బండి తీసుకుని పోబోతుంటే చాయ్ గ్లాసు వదిలేసి పరుగెత్తాను.

"తమ్మీ, ఒక్క నిమిషం. ఏమనుకోవద్దు. నువ్వు అస్సలు నవ్వలే. నా దాంట్ల ఏం బాగలేదో చెప్తవా?"

అతను చెంప పట్టుకుని, పళ్ళ సందులోంచి మాట్లాడాడు. "అట్లేం లేదన్నా. పొద్దుగాలనే దవాఖానల పన్ను పీకిచ్చుకున్న. నోరు పెద్దగ తెరవద్దన్నరు. లోపల్లోపట మస్తు నవ్విన."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంత మంచి ప్రేక్షకుడు నాకు ఇంతవరకు దొరకలేదనిపించింది. చేయి కలిపి, థాంక్స్ చెప్పి వెనక్కి తిరిగేసరికి నా భార్య పక్కనే ఉంది.

"ఏ పన్ను తమ్మీ?" అంది చాలా ఆప్యాయంగా.

"కింది దవడ మేడం, ఇటు దిక్కు," అని అతను పాపం నొప్పిని ఓర్చుకుంటూ కొంచెం నోరు తెరిచాడు. ఆమె ఫోన్ లైటు వేసింది. నేనూ వంగి చూశాను. లోపల పన్ను ఉండాల్సిన చోట దూది ఉంది.